రిటైర్ చేసిన ఆకుమచ్చల కంప్యూటరు

తిరువూరు,
12-11-2004.

జిల్లా కంప్యూటర్ల విభాగం అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మామిడి తెగుళ్ల పరిశోధన కేంద్రంలో నిక్షేపంగా పనిచేస్తున్న పాత కంప్యూటరును పనికిరానిదిగా తీర్మానించి తుక్కుకు పంపిన సందర్భంగా అభినందనలు, మరియు మొర.

1. సదరు కంప్యూటరులో 'లీఫోమెట్' అను సాఫ్ట్‌వేర్ ఉండెడిది. ఆకు ఫొటో చూపితే మచ్చ ఎంత మేర పాకినదో కొలిచి చెప్పేది. దానిని తయారుచేసిన కంపెనీ అయిదేళ్ల క్రితమే మూతపడినది. బాపట్ల, పుణె పరిశోధకులు నేటికీ నాకు ఉత్తరాలు రాసి, "మీ దగ్గర ఇంకా నడుస్తోందా?" అని మంచాన పడిన పెద్దమ్మ క్షేమం అడిగినట్లు అడుగుచున్నారు.

2. తమరు పంపిన కమిటీ స్విచ్చి వేసి చూడలేదు. కొన్న తేదీ చూసి, ఏడేళ్లు నిండినవని ఉద్యోగికి మల్లే రిటైర్ చేసినది. శాలువా కప్పలేదన్నదొక్కటే లోటు.

3. కొత్త కంప్యూటరులో లీఫోమెట్ ఎక్కదు. నా ఫ్లాపీలలోని ఫొటోలు మరి దేనిలోనూ తెరుచుకోవు. ఈ సంగతి ఫోనులో విన్నవించగా తమ గుమాస్తా శ్రీనాథ్ గారు, "కొత్తదాంట్లో పేకాట కూడా ఉందండీ మేడమ్, ఇంకేం కావాలి?" అని సెలవిచ్చారు. ఆడి చూశాను. మచ్చల సంగతి తేలలేదు.

4. రెడ్డిగూడెం రైతు హనుమయ్య గారి తోటలో మూడేళ్లుగా తీసిన పన్నెండు వందల ఆకుల ఫొటోలలో ఇంకా నాలుగు వందలు కొలవవలసి ఉన్నవి. మందు పనిచేస్తున్నదో లేదో అవి కొలిస్తేగాని తెలియదు. ఆయన నిన్న వచ్చి, "పూత లోపు ఏదోటి చెప్పమ్మా. లేదంటే చెట్లు కొట్టించేస్తా. అవి ఎండిపోతా ఉంటే చూడలేకపోతున్నా" అన్నారు. అవి ఆయన తన చేత్తో నాటిన చెట్లు. అయ్యా, ఇది రాయుచుండగా ఏడుపు వస్తున్నది. దీనికి ఏ ఫారం నింపవలెనో తెలియదు.

కావున ఆ పాత కంప్యూటరును తిరిగి ఇప్పించవలెనని, వీలుపడనిచో కమిటీ వారే వచ్చి నాలుగు వందల ఆకులనూ స్కేలు పెట్టి కొలవవలెనని కోరుచున్నాను. పేకాట నడుమ తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జి. రిబ్కా,
పరిశోధన సహాయకురాలు.

తా.క.: కవరు అంటించేలోపే కబురొచ్చింది సార్. కంప్యూటరు బస్టాండు వెనుక జానీబాషా గారి తుక్కు కొట్లో ఉంది. వెళ్లి స్విచ్చి వేశాను, లేచింది. లీఫోమెట్ కూడా ఉంది. ఆయనే స్టూలు వేసి, "ఆఫీసోళ్లు ఏదో ఒకటి తేల్చిందాకా పగలగొట్టనులేమ్మా, కొలుచుకోండి" అన్నారు. ఆఫీసు అయ్యాక వెళితే రోజుకు పది ఆకులు కొలవగలను. కాబట్టి ఈ అర్జీకి కూడా మీరు ఎప్పుడూ ఇచ్చేటంత త్వరగానే జవాబివ్వండి. నాకు నలభై రోజులు చాలు.