వెనక గేటు పని

ప్రిన్సిపాల్ గారికి,

వెనక గేటును శాశ్వతంగా అతికేసి మూసేయమని మా వెల్డింగ్ క్లాసుకు మీరు పంపిన ఆర్డరు అందింది. బయటివాళ్లు కాలేజీ మధ్యలోంచి నడిచి పోతున్నారని అందులో రాశారు.

మీరు కొత్తగా వచ్చారు కాబట్టి చెబుతున్నాను. పాత గోడౌనులో రెండు గదులతో ఈ కాలేజీ మొదలయ్యేటప్పటికే ఆ గేటు గుండా పోయే దారి ఉంది. తర్వాత లైబ్రరీ కట్టినా, వర్క్‌షాపు కట్టినా, దారిని వదిలి పక్కకు జరిగే కట్టారు. మా దగ్గర చేరినవాళ్లలో సగంమంది ఆ దారిన పోతూ పోతూ వర్క్‌షాపు కిటికీ దగ్గర ఆగినవాళ్లే. నేనూ అంతే. ఇస్త్రీ బట్టల మూట చంకన పెట్టుకుని రోజూ లోపలికి తొంగి చూసేదాన్ని. ఒకరోజు అప్పటి మాస్టారు విసుక్కున్నారు. "ఆ మంట వంక ఉత్త కళ్లతో చూస్తే కళ్లు పోతాయమ్మా. చూడాలనుంటే లోపలికొచ్చి, ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని చూడు."

ఇప్పుడు ఆ క్లాసు చెబుతున్నది నేనే. ఈ కాలేజీలో బయటివాళ్లెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ ఆర్డరును పక్కన పడేశానని అనుకోకండి. గేటు పనిని ప్రాక్టికల్ పరీక్షగా పెట్టాను. మా పిల్లలు గేటును కీళ్ల దగ్గర కోసి, ఊడదీసి, ఆ ఇనుముతో కిటికీ కింద బెంచీ చేశారు. అతుకులు చక్కగా కుదిరాయి. అందరూ పాసయ్యారు.

నాకు నోటీసు పంపదలిస్తే ఆ దారినే పంపండి. అదే దగ్గర.

గేటు పని పూర్తిచేసిన,
వెల్డింగ్ టీచరు