మోకాలి దగ్గర మీట

నివ్‌పోర్ట్,
మే నెల

బావగారికి రోజెట్ నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ మీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే మీకు మా సముద్రపు హోరు తప్ప నా మాట వినబడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

కొత్త సైకిల్ కొన్నాను. కూరగాయల బుట్ట తగిలించుకునేది కాదు. వంగిన హ్యాండిల్, సన్నని చక్రాలు, చూడ్డానికి అచ్చం మీ తమ్ముడు తొక్కినటువంటిదే. జిల్బెర్ పోయాక ఏటా సెప్టెంబరులో సైకిల్ క్లబ్బు వాళ్లంతా ఆయన పేరు మీద మీ ఊరి రాళ్లు పరిచిన ఎత్తుదారి, అదే ఆ 'గోడ', ఎక్కుతున్నారు కదా. నేనేమో రైల్లో వచ్చి, పైన గుడి దగ్గర పాలవిరుగుడు కూరిన తీపి తార్తల పెట్టె పట్టుకుని నిలబడుతున్నాను. ఈసారి నిలబడను బావగారూ. నేనూ తొక్కుతాను. మధ్యలో దిగకుండా పైదాకా ఎక్కాలి. అంతే నా కోరిక.

చిక్కల్లా గేర్లతోనే. దుకాణంలో కుర్రాడు అంతా వివరించాడు. జిల్బెర్ భార్యనై ఉండి తెలియదంటే బాగుండదని తలూపి వచ్చేశాను. మా ఊళ్లో ఎత్తంటే కాలువ మీది వంతెన ఒక్కటే. అక్కడ భయమేసి బ్రేకు పట్టుకోబోయాను. పళ్లు నూరినట్టు చప్పుడు చేసి చైను ఊడిపోయింది. రొయ్యలమ్మే ఆవిడ ముందు ఆగిపోయాను. తమ్ముడికి నేర్పింది మీరే. నాకూ నేర్పండి.

మీ
రోజెట్

తా.క. క్లబ్బులో ఎవరికీ చెప్పకండి. దిగి నడిస్తే నవ్వుతారు. దిగకుండా ఎక్కితే ఏడుస్తారు. రెండూ నేను చూడలేను.

*

గెరార్డ్స్‌బెర్గెన్,
వృద్ధాశ్రమం

రోజెట్‌కు ఓమేర్ ఆశీస్సులు.

మతి గాని పోయిందా? అరవై దాటాక గోడ ఎక్కుతావా? సరే, తిట్టడం అయింది, ఇక పాఠం.

బరువు మీదున్న చైను పక్కకి జరగనంటుంది. కాళ్లు ఆపకు, బలం మాత్రం ఒక్క క్షణం సడలించు. ఆ క్షణంలోనే కుడిచెయ్యి కిందికి, మోకాలి దగ్గరికి దించు. అక్కడ ఫ్రేముకు మీట ఉంటుంది. వేళ్లతో మెల్లగా నెట్టు. ఇదంతా ఎత్తు ఎక్కుతూ కాదు, ఎత్తుకు ముందే. ఈ జిల్లాలో నేను గెలిచిన ప్రతి తిరునాళ్ల పందెం ఈ ఒక్క కిటుకుతోనే గెలిచాను.

నీ బావ
ఓమేర్

తా.క. నువ్వు తొక్కితే తార్తలు ఎవరు తెస్తారు? ముందు ఆ సంగతి తేల్చు.

*

నివ్‌పోర్ట్

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే మోకాలి దగ్గర చెయ్యి పెట్టాను. నీళ్ల సీసా తగిలింది. మీట దాని వెనకాల ఉందేమోనని తడిమాను. మూత ఊడి నీళ్లన్నీ బూటులో పడ్డాయి. సైకిలేమో ఉల్లికాడల చేలోకి దిగింది.

రైతు పరుగెత్తుకొచ్చి, "ఏమమ్మా, ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు.

"మీట" అన్నాను.

పాపం, ఆయన కూడా కాసేపు చేలో వెతికాడు.

మీ
రోజెట్

తా.క. తార్తల కోసం బెంగ పెట్టుకోకండి. కాస్త నా కోసం పెట్టుకోండి.

*

వృద్ధాశ్రమం

రోజెట్‌కు,

మీట లేదా! ఇది పట్టపగలు దోపిడీ. మొగుడు పోయిన మనిషి, ఏం అడుగుతుందిలే అని ఆ దుకాణం వాడు మీట లేని సైకిల్ నీకు అంటగట్టాడు. వెళ్లి నిలదియ్యి. ఓమేర్ మరదల్నని చెప్పు. నా పేరు వింటే వణికిపోతాడు.

ఈలోపు అలవాటు తప్పొద్దు. మీట ఉన్నట్టే అనుకుని రోజూ చెయ్యి దించు, కాళ్లు సడలించు.

నీ బావ
ఓమేర్

తా.క. ఇక్కడ మాకు కాఫీలిచ్చే ఆనెలీన్ సైకిల్ మీదే పనికొస్తుంది. నీ గోడు చెబితే ఏదో అనబోయింది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దన్నాను.

*

నివ్‌పోర్ట్,
ఆగస్టు

బావగారికి నమస్కారాలు.

దుకాణానికి వెళ్లి మీ పేరు చెప్పి కేకలేశాను. ఆ కుర్రాడి మొహం కందగడ్డ అయింది. మీరన్నదే నిజం. మీట బిగించి ఇచ్చాడు, సరిగ్గా మోకాలి దగ్గర, మీరు చెప్పిన చోటే. ఇప్పుడు చెయ్యి దించగానే కాళ్లు వాటంతట అవే తేలికపడుతున్నాయి. గేరు మారినట్టే తెలియడం లేదు.

జిల్బెర్ పోయినప్పటినుంచీ పళ్లు, పిడికిళ్లు, కాళ్లు, అన్నీ బిగబట్టుకునే బతుకుతున్నాను బావగారూ. ధైర్యంగా ఉండమని అందరూ చెప్పారు. సడలించమని చెప్పింది మీరొక్కరే.

సెప్టెంబరులో అందరం ఎక్కే ఆదివారం మీరు గోడ దగ్గరికి రావాలి.

మీ
రోజెట్

తా.క. దుకాణం కుర్రాడు మీకు నమస్కారాలు చెప్పమన్నాడు. మీలాంటి గురువును ఎక్కడా చూడలేదట.

*

వృద్ధాశ్రమం

రోజెట్‌కు,

చూశావా, నా పేరంటే అదీ! నీ ఉత్తరం భోజనాల గదిలో నిలబడి అందరికీ చదివి వినిపించాను. చెవిటివాళ్ల కోసం ఇంకోసారి చదివాను.

గోడ దగ్గరికి మాత్రం రాను. తమ్ముడు లేకుండా ఆ రాళ్లు చూడటం నా వల్ల కాదు. అడగొద్దు.

నీ బావ
ఓమేర్

తా.క. ఆనెలీన్ మళ్లీ ఏదో చెప్పాలంటోంది. భోజనమయ్యాక వింటానన్నాను.

*

నివ్‌పోర్ట్,
సెప్టెంబరు ఆఖరు

బావగారూ, ఎక్కేశాను! దిగలేదు!

రాళ్ల మీద నా ఎముకలన్నీ విడివిడిగా కదిలాయి. ఆ నిట్టనిలువు మలుపు కనబడగానే, ముందే చెయ్యి దించాను, కాళ్లు సడలించాను, గేరు మార్చాను. పైకి చేరాక క్లబ్బు వాళ్లు ఏడ్చారు. చూడలేననుకున్నాను గాని, చూశాను. నేనూ ఏడ్చాను.

ఒక వింత చెప్పనా? గుడి మెట్ల మీద తార్తల పెట్టె ఉంది. తెచ్చింది మేం కాదంటే మేం కాదంటున్నారు అందరూ.

అంతా మీరు చెప్పిన ఆ మీట చలవే. మీరు రాలేదన్న కొరత ఒక్కటే మిగిలిపోయింది.

మీ
రోజెట్

తా.క. పెట్టెలో ఒక తార్త తక్కువైంది. జిల్బెర్ ఉంటే ఆ నింద ఆయన మీదికే పోయేది.

*

వృద్ధాశ్రమం

అబద్ధాలకోరు మరదలికి ఓమేర్ ఆశీస్సులు.

మలుపు దగ్గర ఇంటి గుమ్మంలో టోపీ కళ్ల మీదికి లాక్కుని ఒక ముసలాడు నిలబడ్డాడు. నువ్వు చూడలేదు, మంచి పని చేశావు, చూస్తే పడేదానివి. అది నేనే. పెట్టె ఆనెలీన్ చేత పైకి పంపాను. తక్కువైన తార్త నేను తిన్నదే. నువ్వు మలుపు దాటేదాకా ఏదో ఒకటి నమలకపోతే నా గుండె ఆగేలా ఉంది.

నీ సైకిల్ చూశాను. మోకాలి దగ్గర సీసా తప్ప ఏ మీటా లేదు.

లేదని అప్పటికే తెలుసులే. నీ ఉత్తరం అందరికీ చదివిన రోజు, భోజనమయ్యాక ఆనెలీన్ నన్ను తన సైకిల్ దగ్గరికి తీసుకెళ్లింది. "తాతా, ఇప్పుడు గేర్లన్నీ బ్రేకుల్లోనే ఉంటాయి" అని బ్రేకును పక్కకి నొక్కింది. టక్‌మంది. నేను చెప్పిన మీటలున్న సైకిళ్లను ఇప్పుడు అలంకారానికి గోడలకు వేలాడదీస్తున్నారట. అప్పుడర్థమైంది, ఈ ముసలాడి పరువు కోసం నువ్వెంత పని చేశావో.

కానీ ఇంకోటి కూడా చూశాను. మలుపు ముందు, బ్రేకు పక్కన వేలు నొక్కబోయే ముందు, నీ కుడిచెయ్యి కాస్త కిందికి దిగింది, లేని మీట కోసం. దిగగానే కాళ్లు సడలాయి. చైను నోరెత్తలేదు. జిల్బెర్ జన్మలో అంత మెత్తగా గేరు మార్చలేదు తల్లీ.

తమ్ముడు పోయాక నాతో ఇక ఎవరికీ పని లేదనుకున్నాను. తప్పుడు పాఠానికైనా నీకు నాతో పని పడింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

నీ బావ
ఓమేర్

తా.క. చలికాలం వస్తోంది, పంక్చర్లు పడతాయి. ట్యూబు ఎలా అతకాలో అడుగుతూ వెంటనే ఉత్తరం రాయి. ఈ కాలంలో ఎలా అతుకుతారో నాకు తెలియదు. అయినా వివరంగా చెబుతాను.