వేరే కొట్టు పేజీలో రత్తమ్మ

మంగళవారం, చీరాల

ఈ రోజు నా కూతురు సుజాత గెలిచింది. నా అంత అదృష్టవంతుడు మా మగ్గాల వీధిలోనే లేడు. అయినా మనసు మొద్దుబారినట్టుంది.

మా చీరల వెబ్‌సైటులో నా భార్య రత్తమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతున్న ఫొటో ఉంది. ఆవిడ పోయే ముందు ఏడాది తీసిన ఫొటో అది. ఎవరో పెద్ద కొట్టువాళ్లు దాన్ని తమ పేజీలో చూపించుకుంటున్నారు. నేను మురిసిపోయి ఆ లింకు వీధి వీధంతా పంపాను. రోజూ పొద్దున్నే నేనూ అక్కడే చూసేవాణ్ణి.

నెల తిరక్కముందే మా సైటు ఆగిపోతుంటే సుజాత కారణం పట్టుకుంది.

"ఫొటో మన సైటులోనే ఉంది నాన్నా. వాళ్ల పేజీలో ఎవరు చూసినా మన దగ్గర్నుంచే వెళ్లుద్ది. మన నెల డేటా కోటా అయిపోద్ది. నువ్వేమో ఊరందరికీ చూపించావు."

"అక్కడ మీ అమ్మ పెద్దగా కనపడుద్దమ్మా."

తను నవ్వలేదు. సాయంత్రం బయటి పేజీలకు మా ఫొటోలు వెళ్లకుండా అడ్డు పెట్టింది. మా సైటు ఇట్టే తెరుచుకుంది. నా బంగారుతల్లికి ఎంత తెలివి, ఎంత ఓపిక.

తర్వాత అలవాటుగా ఆ కొట్టు పేజీ తెరిచాను. రత్తమ్మ ఉన్నచోట ఖాళీ గడి ఉంది. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

సుజాత నా ఫోను తీసుకుని, మా పేజీలోని ఫొటోనే తెర నిండా పెద్దది చేసి చేతిలో పెట్టింది.

"ఇక ఇక్కడే చూడు నాన్నా."

రత్తమ్మ చేతిలో కండె సగమే నిండి ఉంది. ఇన్నాళ్లూ మొహమే చూస్తూ, అది గమనించనేలేదు.