చుక్క కారని కుళాయి

అమ్మాయీ, మేమిద్దరం కులాసా. వంటింటి కుళాయికే కులాసా లేదు. మూడేళ్ళుగా వినియోగదారుల కోర్టు చుట్టూ తిరిగి నా చెప్పులు అరిగాయి. మొన్న ఎట్టకేలకు కుళాయి కంపెనీ ఇంజినీరు తనిఖీకి వచ్చాడు. ముందురోజు నేను లాయరు దగ్గరికి వెళ్ళగానే మీ అమ్మ ప్లంబరును పిలిచి కుళాయి బాగుచేయించింది. అదేమంటే, "ఇంటికొచ్చిన మనిషికి కారే కుళాయి చూపిస్తామా? పరువు పోదూ?" అంది. ఇంజినీరు 'లోపం లేదు' అని రాసుకుని, కాఫీ తాగి వెళ్ళాడు. మర్నాడే మళ్ళీ ధార.

నువ్వు దారపుండలు వేసుకున్న అట్టపెట్టె ఆ కుళాయిదే. మీద 'జీవితాంతం చుక్క కారదు' అని ఉంటుంది. వెంటనే పంపు, ఇక అదొక్కటే సాక్ష్యం. అల్లుడుగారి దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు, నీకు దీవెనలు. వచ్చే వారం మళ్ళీ తనిఖీ. మీ అమ్మ అప్పుడే ప్లంబరుకు కబురంపింది.

నాన్న