గోడౌను తూర్పు గుమ్మం

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస, స్టేషను రోడ్డులో కాపురముంటున్న కింతలి సీతమ్మ అనే నేను, కీర్తిశేషులు బెన్హర్ గారి భార్యను, మిషను బడిలో ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, వయసు అరవై తొమ్మిది, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా బుర్ర బాగానే ఉంది. తోడికోడలు గ్లోరీ పేరు వింటే మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది. అదీ నిజమే కాబట్టి రాస్తున్నాను.

1. నేను 2013లో లేడీస్ హాస్టలుగా మార్చిన మా ధాన్యం గోడౌను నా కూతురు షీబాకు సర్వహక్కులతో చెందాలి. హద్దులు: పడమర వీధి, తూర్పు ఉమ్మడి సందు, సందు అవతల గ్లోరీ హాస్టలు. హాస్టలు ఆలోచన ముందు నాది. క్రిస్మస్ భోజనాల దగ్గర నోరు జారాను. ఆర్నెల్లు తిరక్కుండా ఆవిడ బోర్డు లేచింది, అన్ని పర్మిషన్లతో సహా!

2. మా అత్తగారి ఇత్తడి గుండిగ గ్లోరీకి చెందాలి. పంపకాలప్పుడు అది కనబడలేదని చెప్పాను. అటక మీదే ఉంది. అత్తగారు మంచాన పడితే పదకొండు నెలలు ఒళ్లు తుడిచింది నేను. చివర్లో ఆవిడ "గ్లోరీ వండిన కూరే కావాల" అంది. ఆ కోపంతో దాచాను. తోమించి ఇవ్వండి.

3. నా కుట్టుమిషను, రెండు ఉన్ని శాలువాలు హాస్టలు వంటమనిషి అమ్మడుకి. ఆమెకు చలి ఎక్కువ, నోరు తెరిచి అడగదు.

4. ఇక నా తప్పు. సరుకుకి ఒక గుమ్మం చాలుగానీ ముప్పైమంది ఆడపిల్లలు పడుకునే చోటుకి చాలదని మున్సిపల్ ఇంజనీరు గారు చెబితే, తూర్పున రెండో గుమ్మం పెట్టించాను. ఆయన టేపుతో కొలిచి, తలుపు తెరిచి మూసి చూసి, ప్లాను మీద సంతకం పెట్టారు. ఆయన తప్పేమీ లేదు. ఆ తలుపు తెరిస్తే ఎదురుగా గ్లోరీ వంటిల్లు. మా పిల్లలు అక్కడ నిలబడి, "ఆళ్లకి ఆదివారం కోడికూరట. మనకేటి, మళ్లీ పప్పే" అనుకోవడం నా చెవిన పడింది. అంతే, తాపీమేస్త్రీ అసిరయ్యను పిలిచాను. "కాయితం మీద గుమ్మం ఉన్నాది, నువ్వు గోడ కట్టమంతన్నావు. ఇదేటమ్మా?" అన్నాడు. నీకెందుకురా, కట్టు అన్నాను. గోడకు బీరువా ఆనించాను. గుమ్మం ఉన్న ప్లానును మాత్రం ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాను.

5. గత నెల ఒక మధ్యాహ్నం వీధి గుమ్మం పక్కన ఇస్త్రీ బల్ల దగ్గర వైరు అంటుకుంది. పొగలో పిల్లలు ఫ్రేములో చూసిన గుమ్మం వైపు పరుగెత్తారు. బీరువా లాగారు. గోడ! "అమ్మా, గుమ్మమేదమ్మా" అన్న కేక వీధిలో ఉన్న నాకు వినబడింది. మంటలార్పే నా ఎర్ర సిలిండరుకు గడువు తీరిపోయింది. గ్లోరీ తన సిలిండరు పట్టుకొచ్చి, కొంగు మొహానికి కట్టుకుని మంట ఆర్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ గోడ ఆవిడ చూసింది. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి ఆవిడ లేస్తే నా పరువు పోయిందనుకున్నాను. "దేవుడు పిల్లల్ని కాసాడు" అని మాత్రం చెప్పి కూర్చుంది. నలుగురిలో నన్ను కడిగేసినా ఇంత కుళ్లుకునేదాన్ని కాదు. మంచితనంలో కూడా నన్ను దాటిపోవాలా? ఆ ఉక్రోషంతో ఇంటికొచ్చి బీరువా మళ్లీ గోడకు జరిపించాను.

6. నా తదనంతరం షీబా ఆ గోడ పగలగొట్టించి, ప్లానులో ఉన్న కొలతకే, బయటికి తెరుచుకునేలా తలుపు పెట్టించాలి. తాళం వేయకూడదు. మళ్లీ ఇంజనీరు గారికి చూపించాకే హాస్టలు నడపాలి.

7. ఈ వీలునామా అమలు చేయవలసింది నా మరిది, గ్లోరీ భర్త రాబర్ట్. అతను గ్లోరీ గీసిన గీత దాటడు. ఆ ఒక్క కారణం వల్లే పని సవ్యంగా జరుగుతుంది.

కొట్టివేత: ప్లీడరు నారాయణమూర్తి గారు ఇదంతా చదివి, "మీ తదనంతరం అన్నారు. అంతవరకూ పిల్లలు ఎక్కడ పడుకుంటారండీ?" అని అడిగారు. ఆరో అంశం మొత్తం నేనే కొట్టివేస్తున్నాను. అసిరయ్యకు కబురు పంపాను, గునపం తెమ్మని. తలుపు పెట్టి ఇంజనీరు గారు చూసే వరకూ పిల్లలు గ్లోరీ హాస్టల్లో పడుకోవాలి. ఈ సంతకం పెట్టి, గ్లోరీని అడగడానికి నేనే వెళ్తున్నాను.

ఆమదాలవలస, 14 నవంబరు 2017.

(సంతకం) కింతలి సీతమ్మ

సాక్షులు:
1. జగన్నాధం, రిటైర్డ్ హెడ్మాస్టరు
2. ఎల్లాజీ, కిరాణా షాపు, స్టేషను రోడ్డు