గుంపు ఇచ్చిన సెలవు

సాన్ గ్రాతో,
20 సెప్టెంబరు 1954

చిరంజీవి దెల్ఫీనోని ఎక్కడున్నా చల్లగా ఉండమని దీవించి మీ అమ్మ ఎర్నెస్తా రాసేది ఏమంటే, మన చర్చి ఫాదరు దోన్ ఎవాసియో గారి పేరు మీద నువ్వు వేసిన ఉత్తరం అందింది. ఆదివారం పూజ అయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచి చేతిలో పెట్టారు. నీ దస్తూరీ చూసి చర్చి మెట్ల మీదే కూర్చుని చదివాను. బతికే ఉన్నావు. నీస్‌లో సైకిళ్ళ కొట్లో చక్రాలు సరిచేస్తూ వేళకింత తింటున్నావు. నాకది చాలు. కానీ జూన్ నుంచి ఇప్పటిదాకా ఒక్క కార్డు ముక్క రాయడానికి చేతులు రాలేదట్రా సచ్చినోడా! తొక్కడానికి మాత్రం కాళ్ళొచ్చాయి.

ఇక్కడ ద్రాక్షతోట క్షేమం. వడగళ్ళు పై వరసల్ని కొట్టాయి గానీ కింది వరసలు నిలిచాయి, గుత్తులు నల్లబడుతున్నాయి. ఎద్దు క్షేమం. నా మోకాలు ఎప్పటిలాగే చలికి ముందే కబురు చెప్తోంది. నువ్వడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. మధ్యలో తిట్టాననుకో, పడు.

కుక్క ఈనిందా అన్నావు. ఈనింది. ఒక్క పిల్లే మిగిలింది, దానికి నీలాగే చెవులు పెద్దవి. పొయ్యి దగ్గర నా చెప్పు కొరుక్కుంటూ పడుంటుంది.

ఊళ్ళో ఏమనుకుంటున్నారు అన్నావు. ఏమనుకుంటారు? ఎదురింటి కార్లోత్తా రొట్టెల కొట్లో పదిమందిలో అడిగింది. "ఏమే ఎర్నెస్తా, మీవాడు తల్లిని చూసొస్తానని సెలవు తీసుకుని దొంగలా చెక్కేశాడటగా?" అంది. నేనూరుకుంటానా? "నీ కొడుకు టూరిన్ నుంచి రైలెక్కి కూడా రాడు, నావాడు కనీసం నా ముందు నుంచి వెళ్ళాడు" అన్నాను.  నేను ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

నీ మీద కోపంగా ఉందా అన్నావు. ఉంది. ఎందుకుండదు? ఆ రోజు నేనేం చూశానో నీకు తెలియాలి. సైకిళ్ళ పందెం మన కొండ మీదుగా వస్తోందని ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. నేను పొద్దున్నే లేచి నీకిష్టమని గుడ్లసొన పోసి తాయరిన్ సేమియా పిండి కలిపాను. నువ్వు తినవని తెలుసు, ఆగేదే నిమిషం. అయినా చేతులు ఊరుకోలేదు. సమాధుల గోడ దగ్గర మలుపులో నిలబడ్డాను. అక్కడ ఎత్తు ఎక్కువ, అక్కడైతే ఎంతటివాడైనా నెమ్మదిస్తాడు కదా. సొంతూరు వచ్చినప్పుడు గుంపు ఆ ఊరివాణ్ణి ముందుకి వదులుతుందని, వాడు ఇంటివాళ్ళని ముద్దుపెట్టుకుని మళ్ళీ గుంపులో కలుస్తాడని, అప్పటిదాకా ఎవరూ పరుగు పెంచరని, అది మీ సైకిళ్ళవాళ్ళ ధర్మమని నాకు నువ్వే చెప్పావు, గుర్తుందా? ఆల్బా సంతలో మీ నాన్నకి తెలియకుండా కలుసుకున్న రోజు చెప్పావు. "నన్నెవరు వదుల్తారమ్మా, నేను నీళ్ళ సీసాలు మోసేవాణ్ణి" అని నవ్వావు కూడా.

అలాంటిది నువ్వు ఒక్కడివే మలుపు తిరిగావు. వెనక ఎవ్వరూ లేరు. పిండి చేతులు చాచాను. నువ్వు నా మొహం చూశావు, నాకు తెలుసు నువ్వు చూశావు. తల దించుకుని తొక్కుకుంటూ పోయావు. నా చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. అప్పుడొచ్చిందిరా నాన్నా మీ గుంపు. తీరిగ్గా, నవ్వుకుంటూ, ఒకడు ఈల వేసుకుంటూ. నువ్వు మా మధ్య ఉంటావని అందరూ ఇటే చూశారు. నువ్వు లేవు. వాళ్ళ మొహాలు మారడం నేను చూశాను. నవ్వులన్నీ ఆగిపోయాయి. ఆ తర్వాత వాళ్ళు తొక్కిన తొక్కుడు నిన్ను పట్టుకోవడానికేనని నాకు తెలిసిపోయింది.

తర్వాతి కొండ ఎక్కకుండానే వాళ్ళు నిన్ను పట్టేశారని, ఒక్కడూ గుక్కెడు నీళ్ళివ్వలేదని, మీ జట్టు మేనేజరు ఆ పూటే సంచీ సర్దుకోమన్నాడని నువ్వు రాశావు. చదువుతుంటే కోపం ఎటుపోయిందో తెలీదు. దాహమేసి ఉంటుంది కదరా.

ఇంక నువ్వడిగినవి రెండే మిగిలాయి. మొదటిది చెప్తాను.

"మాది ఏ ఊరో గుంపుకి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదమ్మా. గుంపంతా మాట వినే పెద్దాయన మల్వేస్తి నా పక్కకొచ్చి, వెళ్ళవోయ్, మీవాళ్ళు చూస్తుంటారు అన్నాడు. నా పేరు కూడా ఆయనకి తెలీదు. దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాను. ఒక్కసారి మొదట వస్తే నాన్న నోరు మూయించొచ్చు అనుకున్నాను" అని రాశావు.

దేవుడు కాదురా. మీ నాన్న.

అవును, మా ఆయన సెకొందోనే. సైకిలు తొక్కేవాడు నా గడప తొక్కక్కర్లేదు అన్న మనిషే. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచి ఇంట్లో నీ పేరెత్తని మనిషి, పందెం ముందు రోజు నేలమాళిగలోకి దిగి, నువ్వు పుట్టిన ఏడు తీసిన వైన్ సీసాలు, నీ పెళ్ళికని ఇసకలో పాతిపెట్టినవి, తవ్వి తీశాడు. "ఎక్కడికయ్యా?" అంటే "పనుంది" అన్నాడు. సీసాలు గంపలో పెట్టుకుని ఆల్బా బస్సెక్కాడు. మీవాళ్ళు దిగిన హోటలుకి వెళ్ళి, ఊళ్ళోవాళ్ళు చెప్పిన ఆ మల్వేస్తి గారు ఎవరని అడిగి, మావాణ్ణి మా ఊళ్ళో ముందుకి వదలండని సీసాలు ముందుపెట్టాడట. ఇంటికొచ్చి నాకు చెప్తూ తనే నవ్వుకున్నాడు.

"మీవాడి నంబరెంత తాతా?" అన్నాడట ఆయన.

"తెలీదండీ."

"ఏ జట్టు?"

"అదీ తెలీదు. చెవులు పెద్దవి. మా ఊరు సాన్ గ్రాతో."

హోటలంతా నవ్వారట. మల్వేస్తి నవ్వలేదట. "వదుల్తాం. మరి ఆగుతాడా? దీన్ని అడ్డం పెట్టుకుని పారిపోయేవాళ్ళు కూడా ఉంటారు" అన్నాడట. మీ నాన్న చెయ్యి చాచి, "ఆగుతాడు. నేను మాటిస్తున్నా" అన్నాడట.

ఆ రోజు మీ నాన్న కూడా అక్కడే ఉన్నాడు దెల్ఫీనో. పెళ్ళినాటి కోటు వేసుకుని, సమాధుల గేటు వెనకాల, చేతిలో గ్లాసుతో. "ముందు నువ్వు ముద్దుపెట్టుకో. వాడు నన్ను చూసి బెదిరిపోతాడేమో, నేను మెల్లిగా వస్తా" అన్నాడు. అందుకే నీకు కనబడలేదు. నువ్వు వెళ్ళిపోయాక బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. నువ్వు తొక్కడం ఆయన చూడటం అదే మొదలు. నేను తిడతాడనుకున్నాను. నువ్వు వెళ్ళిన వైపే చూస్తూ, "వీడు ఆడుకుంటున్నాడనుకున్నానే. ఇది కష్టమే. వీపు చూశావా వాడిది? నేను తోటలో పడే కష్టం కంటే ఏం తక్కువ?" అన్నాడు. నీకని పోసిన వైన్ తనే తాగేశాడు. 

సాయంత్రానికి సంగతంతా ఊళ్ళోకి వచ్చేసింది.  మర్నాడు తెల్లారి ఆయన బస్సెక్కి అస్తి పట్నం దాకా పోయి, పందెం మొదలయ్యే చోట మల్వేస్తి ముందు టోపీ తీసి నిలబడ్డాడు. "మాట నాది. తప్పు నాది" అన్నాడు. మీ నాన్న టోపీ తీయడం నేను చర్చిలో తప్ప చూడలేదు. మల్వేస్తి ఆయన భుజం మీద చెయ్యివేసి, తెరవని సీసా ఒకటి తిరిగిచ్చాడట. "వాడు ఆగిన రోజు మీరిద్దరూ కలిసి తాగండి" అని.

నువ్వు వస్తావని ఎదురుచూశాడు. పైకి అనలేదు గానీ, భోజనానికి కూర్చునేటప్పుడు కిటికీ వైపు కుర్చీ జరుపుకునేవాడు. అటైతే రోడ్డు కనిపిస్తుంది.

ఇప్పుడు నీ ఆఖరి ప్రశ్న. "నాన్న ఇంకా నా పేరెత్తడం లేదా?"

ఎలా రాయాలో తెలియక పొద్దున్నుంచి ఈ కాగితం ముందు కూర్చున్నాను. పైన అందరం క్షేమం అని ఎందుకు రాయలేదో నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆగస్టులో మరియమ్మ పండగ వెళ్ళాక వడగళ్ళు పడ్డాయి. మర్నాడు మీ నాన్న మైలుతుత్తం పంపు వీపుకి తగిలించుకుని పై వరసలకి వెళ్ళాడు. భోజనానికి రాలేదు. కేకేశాను, పలకలేదు. వెళ్ళి చూస్తే తీగల కర్రకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో టోపీ. అలిసి కునుకు తీస్తున్నాడనుకుని, "లేవయ్యా, సంకటి చల్లారిపోతోంది" అన్నాను. గుండె అన్నాడు డాక్టరు. ఆయన చేతులు ఎంత కడిగినా గోళ్ళలో తుత్తం నీలం పోలేదు. అలాగే పంపించాం.

మీ జట్టుకి టెలిగ్రాం కొట్టించాను. ఆ పేరుగలవాడు మా దగ్గర లేడని జవాబొచ్చింది. శవం లేచేటప్పుడు కూడా రోడ్డు వంకే చూశాను, వస్తావేమోనని.

నీ వల్లే పోయాడని ఒక పూట అనుకున్నాను. అబద్ధమెందుకు, అనుకున్నాను. తర్వాత కాదని తెలిసింది. ఆయన తండ్రీ అలాగే పోయాడు, అదే గుండె, అదే తోట. నువ్వు ఆ బరువు మోయొద్దు. నీ పేరెత్తాడా అన్నావు కదా. ఎత్తాడు. ఆ కుక్కపిల్లకి ఫీనో అని నీ పేరే పెట్టుకున్నాడు. రోజంతా పిలిచేవాడు, "ఫీనో, ఇటు రా, ఎక్కడికిరా ఆ పరుగు, ఆగు" అని.

వచ్చే నెల కోత. నా ఒక్కదాని వల్ల కాదు. రా. సైకిలు మీదే రా. కార్లోత్తా గుమ్మంలో నిలబడి చూస్తుంది, చూడనీ. ఆ మలుపు దగ్గర దిగు. మీ నాన్న ఈసారి గోడకి అవతలే ఉంటాడు, ఇవతలికి రాలేడు. సీసా, రెండు గ్లాసులు నేను పట్టుకొస్తాను. నిన్ను వదలడానికి ఇప్పుడు ఏ గుంపూ అక్కర్లేదు, ఎవరి సెలవూ అక్కర్లేదు.

ఈసారి ఆగు నాన్నా.

ఇట్లు,
ఆ రోడ్డు పక్కన చేతులు చాచిన
మీ అమ్మ