సోయి లేదంటే ఎవరికి?

అమ్మా,

పట్నంలో నీ నడుముకు ఆపరేషన్ చేసిన డాక్టర్ ఇవాళ మన ఖేడ్‌లో నడుము నొప్పుల క్యాంపు పెట్టాడు. నేనూ వెళ్లాను, చూపించుకోవడానికి కాదు, అడగడానికి.

ఆపరేషన్ అయిన మర్నాడు నువ్వు నర్సుతో, "నడుము కింద సోయి లేదు బిడ్డా" అన్నావు. ఆమె నవ్వింది. "ఇంత చక్కగా మాట్లాడుతూ సోయి లేదంటావేంటమ్మా?" అంది. డాక్టర్ వస్తే "స్పృహలోనే ఉంది సార్" అని చెప్పింది. ఆయన గుమ్మం దగ్గర్నుంచే తలూపి వెళ్లిపోయాడు. నీకు మూత్రం ఆగిపోయాక గానీ, లోపల రక్తం గడ్డకట్టి నరాలను నొక్కేస్తోందని వాళ్లకు తెలియలేదు. ఆ తర్వాత నువ్వు మంచం దిగలేదు. వీపు పుండ్లతోనే పోయావు.

ఇవాళ అడిగాను. "సోయి అంటే ఏంది సార్?"

"స్పృహ."

"ముట్టుకుంటే తెల్వకపోతే గూడ సోయి లేదనే అంటం. మా అమ్మ గదే చెప్పింది."

"సరిగ్గా చెప్పాలి కదమ్మా!"

సరిగ్గానట! మన నడుములు కోయడానికి వచ్చేవాడు మన మాట నేర్చుకోడు, తప్పు మాత్రం నీది!

నా వెనక వరుసలో ఉన్న, కంగ్టి ఊరి నుంచి వచ్చిన ముసలామె భయపడింది. "నా కాళ్లల్ల గూడ సోయి లేదు బిడ్డా. సారుకు ఎట్ల చెప్పాలె?"

"గట్లనే చెప్పు. ఆయనకు సమజయ్యేదాక ఈడనే కూసుందం" అన్నాను.

డాక్టర్ కుర్చీలోంచి లేచాడు. వంగి, ఆమె అరికాలు ముట్టుకుని చూశాడు.

నీ కాలు ఒక్కసారైనా ముట్టలేదమ్మా.